క్యాంపస్‌లో ఈ వారం అన్నీ కార్యక్రమాలే. అయితే ఏంటి?

ఏ కాలేజీ నోటీసు బోర్డు చూసినా ఇదే వరస. సోమవారం రెజ్యూమె రాయడంపై వర్క్‌షాప్, మంగళవారం పరిశ్రమ నుంచి ఎవరో పెద్దమనిషి గెస్ట్ లెక్చర్, బుధవారం అధ్యాపకులకు కొత్త బోధనా పద్ధతులపై ఒక్కరోజు శిక్షణ, గురువారం నెట్‌వర్కింగ్ సాయంత్రం, శుక్రవారం నాయకత్వ లక్షణాలపై సెమినార్. పాల్గొన్న అందరికీ ఈ-సర్టిఫికెట్ అని కింద పెద్ద అక్షరాల్లో. ఇన్ని అవకాశాలు కల్పిస్తున్నా పిల్లలు రావట్లేదని నిర్వాహకుల గోడు, వచ్చి కూర్చున్నా ఏమీ బుర్రకెక్కట్లేదని పిల్లల గోడు. నేను పిల్లల పక్షం. ఇంకాస్త ముందుకెళ్లి అంటాను: ఈ కార్యక్రమాల్లో ముప్పాతిక వంతు రేపే రద్దు చేసినా ఎవరికీ ఏ నష్టమూ ఉండదు, మిగిలిన పావు వంతును టర్మ్ పొడుగునా నడిపితే అప్పుడు దాన్ని వృత్తిపరమైన ఎదుగుదల అని ధైర్యంగా పిలుచుకోవచ్చు.

దీనికి ఆధారాలు ఎప్పుడో వచ్చేశాయి, పట్టించుకునేవాళ్లే తక్కువ. ఉపాధ్యాయ శిక్షణ అసలు పనిచేస్తుందా అని అమెరికా విద్యాశాఖ పరిశోధన విభాగం కోసం 2007లో ఒక సమీక్ష చేశారు. 1,300కు పైగా అధ్యయనాలు ముందేసుకుని వడపోస్తే కఠినమైన ప్రమాణాలకు నిలబడినవి తొమ్మిదంటే తొమ్మిది. ఆ తొమ్మిదిలో సగటున 49 గంటల శిక్షణ ఉంది, ఆ టీచర్ల దగ్గర చదివిన పిల్లల ఫలితాలు బాగానే మెరుగుపడ్డాయి. అయితే 5 నుంచి 14 గంటలతో సరిపెట్టిన చోట్ల మాత్రం చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు. అవి బడి టీచర్ల మీద చేసినవి, కాలేజీ అధ్యాపకుల మీద కాదు, ఒప్పుకుంటా. కానీ బడి టీచర్‌కి పద్నాలుగు గంటల్లో అంటనిది కాలేజీ అధ్యాపకుడికి ఒక్క పూటలో ఎలా అంటుతుందో ఎవరైనా చెబితే వింటాను.

ఒక్కరోజు శిక్షణ అంటే కాగితం మీద ఆరేడు గంటలు. అందులోంచి స్వాగతోపన్యాసం, ముఖ్య అతిథి పరిచయం, 'రెండు మాటలు' అంటూ మొదలుపెట్టి అరగంట లాగే పెద్దలు, మైకు సర్దుబాట్లు, విరామాలు, వందన సమర్పణ, గ్రూప్ ఫొటో తీసేస్తే చేత్తో చేసి నేర్చుకున్న సమయం ఒక గంట మిగిలితే గొప్ప. అన్నిటికన్నా నవ్వొచ్చేది బోధనా పద్ధతుల శిక్షణే. తరగతిలో ఉపన్యాసాలు తగ్గించాలి, విద్యార్థుల చేత చేయిస్తూ నేర్పాలి అనే విషయం మీద వంద స్లైడ్లతో మూడు గంటల ఉపన్యాసం ఇస్తారు! చేయిస్తూ నేర్పడం నిజంగానే పనిచేస్తుంది, అందులో పేచీ లేదు. సైన్స్, ఇంజినీరింగ్, గణితం కోర్సుల మీద వచ్చిన 225 అధ్యయనాలను 2014లో కలిపి విశ్లేషిస్తే, ఉపన్యాసంతోనే నడిచిన తరగతుల్లో సగటున 33.8 శాతం మంది ఫెయిలయ్యారు, చేస్తూ నేర్చుకున్న తరగతుల్లో 21.8 శాతం. ఈ అంకెల్ని తెర మీద చూపిస్తూ హాల్లో ఉన్నవాళ్లని చేతులు కట్టుకుని కూర్చోమంటే, ఆ హాల్లోంచి బయటికెళ్లిన అధ్యాపకుడు తన తరగతిలో ఏం చేస్తాడు? తనకు ఏం చేశారో అదే చేస్తాడు.

విద్యార్థుల విషయంలో లెక్క ఇంకా సూటిగా ఉంది. గాలప్ సంస్థ, పర్డ్యూ విశ్వవిద్యాలయం కలిసి 2014లో అమెరికాలో 30,000 మందికి పైగా పట్టభద్రులను సర్వే చేశాయి. ఉద్యోగంలో మనసు పెట్టి పనిచేస్తున్నవాళ్లకి, జీవితం బాగానే సాగుతోంది అనుకుంటున్నవాళ్లకి కాలేజీలో ఏం దొరికింది అన్నది ప్రశ్న. కాలేజీ పేరున్నదా లేనిదా అన్నది పెద్దగా లెక్కలోకి రాలేదు. వచ్చినవి ఆరు. తనని మనిషిగా పట్టించుకున్న ప్రొఫెసర్, చదువంటే ఉత్సాహం పుట్టించిన ప్రొఫెసర్ కనీసం ఒక్కరు, నీ కలల వెంట పడు అని వెన్నుతట్టిన మెంటర్, ఒక సెమిస్టరో అంతకన్నా ఎక్కువో సాగిన ప్రాజెక్టు, తరగతిలో నేర్చింది వాడుకోగలిగిన ఇంటర్న్‌షిప్ లేదా ఉద్యోగం, ఏదో ఒక క్లబ్బులోనో సంఘంలోనో మునిగిపోయి చేసిన పని. ఈ ఆరూ తమకు దక్కాయని గట్టిగా చెప్పగలిగినవాళ్లు 3 శాతం మంది. సర్వే కాబట్టి ఏది కారణం, ఏది ఫలితం అని ఎవరైనా లాయర్‌లా వాదించొచ్చు, వాదించనివ్వండి. నేను చూసేది ఒక్కటే, ఈ ఆరింటిలో ఏదీ ఒక్క మధ్యాహ్నంలో అయ్యేది కాదు. మెంటర్‌ని ఆడిటోరియంలో మూడొందల మంది మధ్య కూర్చోబెట్టి పంచిపెట్టలేం.

నెట్‌వర్కింగ్ సాయంత్రాల గురించి కూడా ఇక్కడే మాట్లాడేసుకుందాం, ఎందుకంటే వాటికి సిద్ధాంతం తోడుంది అంటారు. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో రాసిన పరిశోధనా వ్యాసాన్ని ప్రతి కెరీర్ కౌన్సెలరూ ఏదో ఒక రూపంలో చెబుతూనే ఉంటారు: ఉద్యోగం కబురు దగ్గరి స్నేహితుల నుంచి కన్నా అంతంతమాత్రం పరిచయస్తుల నుంచే ఎక్కువగా వస్తుంది. నిజమే. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో ఆ మనిషిని తరచుగా కలిసేవాళ్లు 16.7 శాతమే, అప్పుడప్పుడు కలిసేవాళ్లు 55.6 శాతం, అరుదుగా కలిసేవాళ్లు 27.8 శాతం. బాగుంది, కానీ ఆ 'అరుదుగా కలిసే' మనుషులు ఎవరు? పాత కాలేజీ స్నేహితుడు, ఒకప్పుడు పక్క సీట్లో పనిచేసినవాడు, పాత యజమాని. అంటే ఒకప్పుడు మన పని చూసినవాళ్లు, మనం ఏపాటి మనుషులమో తెలిసినవాళ్లు. గుంపులో రెండు నిమిషాలు నవ్వి, ఫోన్లో ఒక రిక్వెస్ట్ పంపించి, మర్నాటికి మొహం కూడా గుర్తులేనివాళ్లు ఆ లెక్కలోకి రారు. లింక్డ్ఇన్‌లో 2 కోట్ల మందిని ఐదేళ్ల పాటు గమనించి చేసిన పరిశోధన ఒకటి 2022లో వచ్చింది. అందులో కూడా ఉద్యోగాలకు బాగా అక్కరకొచ్చినవి మరీ దగ్గరివీ కావు, మరీ పలచనివీ కావు, మధ్యస్తంగా ఉన్న పరిచయాలు. పరిచయం అక్కరకు రావాలంటే ముందు కలిసి ఏదో ఒక పని చేసి ఉండాలి. పేరు రాసిన స్టిక్కర్ చొక్కాకి అంటించుకుని గోడవారగా నిలబడ్డ మొదటి సంవత్సరం కుర్రాడికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. నీకు చొరవ తక్కువ అని మాత్రం చెబుతారు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన విషయం కాదు. హెర్మన్ ష్నైడర్ అనే ప్రొఫెసర్ 1906లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 27 మంది ఇంజినీరింగ్ విద్యార్థులతో ఒక పద్ధతి మొదలుపెట్టాడు: కొన్నాళ్లు తరగతి, కొన్నాళ్లు ఫ్యాక్టరీ, మళ్లీ తరగతి. పని చూసి వచ్చిన ప్రశ్నలతో తరగతికి వస్తారు, తరగతిలో తేలినదాన్ని పట్టుకెళ్లి పనిలో పెడతారు. కోఆప్ చదువు అని ఇప్పుడు పిలుస్తున్నది దీన్నే. కెనడాలో వాటర్‌లూ విశ్వవిద్యాలయం 1957లో మొదలవడమే ఈ పద్ధతితో మొదలైంది, చదువు మధ్యలో నెలల తరబడి జీతమిచ్చే పనికి పంపడం అక్కడ పాఠ్య ప్రణాళికలో భాగం. అంత భారీగా అందరూ చేయలేరు, సరే. ఒక అధ్యాపకుడు, ఆరుగురు విద్యార్థులు, బయట నుంచి నెలకోసారి వచ్చి చూసి తిట్టిపోయే ఒక అనుభవజ్ఞుడు, ఒక నిజమైన సమస్య, ఒక టర్మ్ సమయం. ఇందులో చేయలేనిది ఏముంది?

అవతలి వాదన నాకు తెలియక కాదు. ఒక్క ఉపన్యాసం విని దారి మార్చుకున్నవాళ్లు ఉన్నారు, పరిశ్రమలో పేరున్న మనిషి మొహం చూడటమే చాలామందికి కొత్త అనుభవం, పైగా దీర్ఘకాలిక కార్యక్రమాలు పెడితే సగంలో మానేస్తారు, ఖర్చు కూడా ఎక్కువ. ఉన్నారు, లేరనను. కానీ ఎప్పుడో ఒకరికి తగిలే మెరుపు కోసం మిగతా అందరి సాయంత్రాలూ తీసుకోవడం ఏ లెక్కలో సబబు? పైగా ఆ మెరుపు తగిలిన పిల్లవాడు మర్నాడు వెళ్లి తలుపు తట్టడానికి క్యాంపస్‌లో ఎవరూ లేకపోతే వారంలో అదీ ఆరిపోతుంది. ఉపన్యాసం తర్వాత ఏంటి అన్నదానికి జవాబుంటే ఉపన్యాసం పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ ప్రస్తావించరు కాబట్టి నేను ప్రస్తావిస్తా. ఈ కార్యక్రమాలన్నీ ఎప్పుడు పెడతారు? క్లాసులు అయ్యాక, సాయంత్రాలు, సెలవు రోజులు. అంటే సాయంత్రాలు ఖాళీగా ఉన్నవాళ్ల కోసం. క్లాసు అవగానే పార్ట్‌టైమ్ ఉద్యోగానికి పరిగెత్తే అమ్మాయి, చివరి బస్సు పోతే ఇల్లు చేరలేని అబ్బాయి, ఇంట్లో ముసలివాళ్లని చూసుకునే బాధ్యత ఉన్నవాళ్లు, వీళ్లకి పోస్టర్ కనబడుతుంది గానీ హాలు కనబడదు. ఎవరికైతే ఇంట్లో ఉద్యోగం సద్యోగం గురించి చెప్పేవాళ్లు లేరో, ఎవరికి ఈ అవకాశం నిజంగా కావాలో వాళ్లే బయట ఉండిపోతారు. మామయ్య కంపెనీలో మేనేజర్ అయిన కుర్రాడు మాత్రం ముందు వరసలో కూర్చుని ప్రశ్నలడుగుతాడు. అధ్యాపకుల్లోనూ ఇదే తంతు: గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీని శిక్షణకు రమ్మంటారు, ఆ గంటలకు పైసా ఇవ్వరు, రాకపోతే ఆసక్తి లేదంటారు. నేర్చుకోవడం పనిలో భాగం అని నమ్మితే దాన్ని పని గంటల్లో పెట్టాలి, టైమ్‌టేబుల్లో పెట్టాలి, జీతంలో పెట్టాలి.

మరి ఇంత తెలిసీ కాలేజీలు ఎందుకు మారవు? ఇక్కడికొచ్చేసరికి సమస్య కాలేజీ గేటు దాటిపోతుంది. ఒక్కరోజు కార్యక్రమాన్ని లెక్కపెట్టొచ్చు. ఎన్ని జరిగాయి, ఎంతమంది వచ్చారు, ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చాం, ఇవన్నీ వార్షిక నివేదికలో పట్టికగా వేసుకోవచ్చు. ఒక అధ్యాపకురాలు ఏడాది పాటు నలుగురు పిల్లల వెంటపడి వాళ్లని నిలబెడితే దాన్ని ఏ గడిలో రాస్తారు? డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ అనే ఆయన 1959లోనే చెప్పాడు, శిక్షణను నాలుగు మెట్లలో అంచనా వెయ్యాలని: వచ్చినవాళ్లకి నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, తర్వాత వాళ్లు పనిచేసే తీరు మారిందా, సంస్థకు ఫలితం దక్కిందా. మన ఫీడ్‌బ్యాక్ ఫారాలన్నీ మొదటి మెట్టు మీదే కూలబడ్డాయి. అదీ సర్టిఫికెట్ డౌన్‌లోడ్ కావాలంటే ఫారం నింపాలి అని ముడిపెట్టి! ఎవరైనా ఐదు చుక్కలు నొక్కేసి బయటపడతారు గానీ ఆలోచించి రాస్తారా?

చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1975లో ద్రవ్య విధానం గురించి ఒక మాటన్నాడు. దేన్నైనా అదుపు చేయడానికి ఒక కొలమానాన్ని పట్టుకుని వేలాడితే ఆ కొలమానమే చెడిపోతుందని దాని సారాంశం. క్యాంపస్‌లో జరుగుతున్నది అచ్చంగా అదే, అసలు క్యాంపస్ ఏంటి, మన ఆఫీసులు, ఆస్పత్రులు, ప్రభుత్వ పథకాలు అన్నిటికీ ఈ జబ్బు పట్టుకుంది. పని జరిగిందా అన్న ప్రశ్న పోయి, జరిగినట్టు రుజువుందా అన్న ప్రశ్న మిగిలింది. అవగాహన సదస్సు జరిగింది, అవగాహన కలిగిందో లేదో తెలీదు. శిక్షణ పూర్తయింది, పని రాదు. ఫొటో తీయడం కోసం కార్యక్రమం పెట్టే స్థితికి వచ్చేశాం, ముందు బ్యానర్ ప్రింటవుతుంది, తర్వాత వక్త దొరుకుతాడు. ఇందులో కింది ఉద్యోగుల తప్పు ఏమీ లేదు పాపం, పైనుంచి అంకె అడుగుతారు కాబట్టి వాళ్లు అంకె తయారుచేస్తారు. ఆ అంకె తయారీలో నిజమైన పని చేయగలిగిన అధ్యాపకుల సమయమే ముందుగా ఖర్చవుతోంది, హాజరు పట్టికలు సర్దుతూ, నివేదికలు రాస్తూ, ఖాళీ హాలు నింపడానికి పిల్లల్ని క్లాసుల్లోంచి లాక్కొస్తూ.

అంకె లేకుండా నడవదంటారా, సరే, అంకె మార్చండి. వచ్చే టర్మ్ క్యాలెండర్ వేసే కమిటీ ఒకే ఒక్క నిబంధన పెట్టుకుంటే చాలు: రెండో తేదీ, మూడో తేదీ చెప్పకుండా ఏ కార్యక్రమానికీ మొదటి తేదీ ప్రకటించకూడదు. రెజ్యూమె వర్క్‌షాపా? రెండోసారి వచ్చేటప్పుడు రాసుకుని రావాలి, ఎవరో ఒకరు పేరుపేరునా చదివి ఎర్ర పెన్నుతో దిద్దాలి, మూడోసారి దిద్దింది చూడాలి. బోధనా శిక్షణా? వెళ్లి ఒక క్లాసు కొత్త పద్ధతిలో చెప్పాలి, తోటి అధ్యాపకుడు వెనక బెంచీలో కూర్చుని చూడాలి, మళ్లీ అందరూ కలిసినప్పుడు ఎక్కడ బెడిసికొట్టిందో మాట్లాడుకోవాలి. అతిథి వక్తా? రెండోసారి రాను అంటే మొదటిసారి కూడా వద్దని మర్యాదగా చెప్పేయాలి. ఇవన్నీ క్లాసులు జరిగే వేళల్లోనే పెట్టాలి, సర్టిఫికెట్ ఇవ్వదలిస్తే మూడో తేదీ అయ్యాకే ఇవ్వాలి. ఇలా చేస్తే కార్యక్రమాల సంఖ్య మూడో వంతుకు పడిపోతుంది, వార్షిక నివేదికలో ఆ పేజీ బోసిగా కనబడుతుంది, పైవాళ్లు ఏంటిది అని అడుగుతారు. అడగనివ్వండి.