మూడుసార్లు చెప్పారు, మూడుసార్లూ మూసేశారు

2024 జూలై 29న ఇంగ్లండ్‌లోని సౌత్‌పోర్ట్‌లో పిల్లల డాన్స్ క్లాసులోకి కత్తితో చొరబడి ముగ్గురు బాలికలను పొట్టనపెట్టుకున్న పదిహేడేళ్ల కుర్రాడిని ముందుగా ఎవరూ పసిగట్టలేదనుకుంటే పొరపాటే. 2019 డిసెంబరులో, పదమూడేళ్ల వయసులోనే, స్కూలు కంప్యూటర్‌లో బడుల్లో కాల్పుల గురించి వెతికాడు. టీచర్లకు అనుమానం వచ్చింది. తీవ్రవాదం వైపు మళ్లేవాళ్లను ముందే ఆపేందుకు బ్రిటన్ ప్రభుత్వం నడిపే ‘ప్రివెంట్’కు విషయం చేరవేశారు. 2021లో మరో రెండుసార్లు అతని పేరు అక్కడికి వెళ్లింది. మూడుసార్లూ ఫైలు మూసేశారు. ఫలానా సిద్ధాంతమంటూ అతనిలో కనిపించకపోవడానికే అధికారులు ఎక్కువ విలువిచ్చారనీ, తొందరపడి ముగించారనీ 2025 ఫిబ్రవరిలో వెలువడిన సమీక్ష తేల్చింది.

బ్రిటన్‌లో 2015 నుంచి బడులకూ ఆసుపత్రులకూ ఇలా తీవ్రవాదం వైపు మళ్లేవాళ్లను ఆపేందుకు పూనుకోవడం చట్టం పెట్టిన బాధ్యత. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేస్తున్న మన తెలుగు డాక్టర్లు, నర్సులు కూడా ‘ప్రివెంట్’ శిక్షణ తీసుకోవాల్సిందే. ఆ శిక్షణలో బరువంతా లక్షణాలు గుర్తించడం మీదే. తర్వాతి సంగతి మాత్రం పైవాళ్లది. దాంతో సిబ్బందికి భయమే మిగులుతోంది. లూటన్‌లో నాలుగేళ్ల బాబు వాళ్ల నాన్న దోసకాయ తరుగుతున్న బొమ్మ వేస్తే, వాడి ముద్దు పలుకుల్లో ‘కుకుంబర్’ నర్సరీ సిబ్బందికి ‘కుక్కర్ బాంబ్’గా వినిపించింది. ఇంకేముంది, పై అధికారుల దాకా వెళ్లాల్సి రావచ్చని తల్లికి చెప్పారు! 2016లో బయటికొచ్చిన ఈ ఉదంతానికి నవ్వొస్తుంది గానీ, ఆ తల్లి మళ్లీ ఆ నర్సరీని నమ్మగలదా?

డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరం దారి వేరు. అక్కడ పోలీసులు, పురపాలక సిబ్బంది కలిసి పనిచేస్తారు. టీచరైనా తల్లిదండ్రులైనా ముందు ఫోన్ చేసి, ‘నాకిలా అనిపిస్తోంది, ఏం చేయమంటారు?’ అని అడగొచ్చు. అవసరమైతే కుర్రాడికి తోడుగా ఒక మెంటర్‌ను పెడతారు. చదువు, ఉద్యోగం, ఇంటి గొడవలు అన్నీ ఆ మెంటర్‌తో మాట్లాడుకోవచ్చు. 2013లో ఆ ఊరి నుంచి సుమారు 30 మంది యుద్ధం జరుగుతున్న సిరియాకు వెళ్లారు, మరుసటి ఏడు ఒక్కరే. అంతా ఈ పద్ధతి చలవేనని నేననను. కానీ చెప్పినవాళ్లను గాలికొదిలేయకపోవడం అక్కడ కనిపిస్తుంది.

బ్రిటన్‌లో కొరత గుర్తించే కళ్లకు కాదు, ఆ తర్వాత జవాబు చెప్పేవాళ్లకు. ‘ప్రివెంట్’కు పేరు పంపిన టీచరుకు ఏ నిర్ణయం తీసుకున్నారో, ఎందుకో రాతపూర్వకంగా జవాబు రావాలి. ఆ జవాబు నచ్చకపోతే ఫైలు తిరిగి తెరవమని అడిగే హక్కు కూడా ఆ టీచరుకు ఉండాలి.