వేలిముద్ర మనది, పూచీ ఎవరిది?

ఆధార్ జిరాక్స్ అడగని చోటు మన గోదావరి జిల్లాల్లో ఇంకా ఏదన్నా మిగిలిందా? సిమ్‌కి అడుగుతారు, గ్యాస్‌కి అడుగుతారు, బంగారం తాకట్టు పెడితే అడుగుతారు, అంతర్వేది తీర్థానికొచ్చి ఒక్క రాత్రికి గది తీసుకున్నా ముందు ఆధార్, ఆ తర్వాతే తాళం. ఇచ్చేవాళ్లు ఎందుకని అడగరు, పుచ్చుకునేవాళ్లు ఎక్కడ దాస్తారో చెప్పరు. తీరా ఎకౌంట్లో డబ్బులు పోయాక మాత్రం అందరి నోటా ఒకటే మాట, చదువుకోనోళ్లు కదండీ, జాగ్రత్త తెలీదు అని. మాకు ఒళ్లుమండేది ఈ మాట దగ్గరే.

ఏ మండల కేంద్రంలోనైనా తాసీల్దారు ఆఫీసు ఎదురుగా ఉండే జిరాక్స్ షాపులోకి ఓసారి తొంగిచూడండి. ప్రింట్ కావాలంటే షాపు నంబర్‌కి వాట్సాప్ చెయ్యమంటారు, మనం చేసేస్తాం. ఆ కంప్యూటర్ స్క్రీన్ మీద వరసగా ఊరందరి ఆధార్‌లు, పాస్‌బుక్ మొదటి పేజీలు, ఎవరో అమ్మాయి టెన్త్ మార్కుల లిస్టు, కువైట్ వెళ్లే ఆవిడ పాస్‌పోర్టు, అన్నీ అలా తెరిచే ఉంటాయి, పక్కన క్యూలో నిలబడ్డవాడు తీరిగ్గా చదువుకోవచ్చు. షాపాయన దొంగ అని మేం అనట్లేదు, ఆయనకి డిలీట్ చేసే తీరికే ఉండదు. సరిగ్గా రాని కాపీలు ఏమవుతాయంటారా, సాయంత్రం బజ్జీల పొట్లం విప్పితే ఒక్కోసారి తెలుస్తుంది.

పోతే పోయింది కాయితమే కదా అనుకోడానికి లేదు. ఆధార్‌తో డబ్బులు తీసే పద్ధతి ఉంది కదా, ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర చిన్న మిషన్ మీద వేలు పెడితే డబ్బులు చేతికొస్తాయి, దానికి కావాల్సింది ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర, అంతే. ఓటీపీ లేదు, పిన్ లేదు. ఒక్కో దఫాకి 10,000 రూపాయల దాకా తీయొచ్చు. బ్యాంకుకి పోలేని ముసలాళ్లకి ఇది నిజంగా మేలే చేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మూడింట్లో ఒకటి జిరాక్స్ మీద అచ్చయ్యే ఉంది, బ్యాంకు పేరు కనుక్కోడం పెద్ద పని కాదు, ఇక మిగిలింది వేలు.

ఆ వేలు కూడా దొరుకుతుంది. 2018లో తెలంగాణలో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లు అమ్ముకునే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లోని దస్తావేజుల నుంచి జనం వేలిముద్రలు దించుకుని, రబ్బరుతో నకళ్లు పోసి, సిమ్ టార్గెట్ కోసం వేలకొద్దీ కార్డులు యాక్టివేట్ చేసి దొరికిపోయాడు. టార్గెట్ కోసం ఒక్కడు చేసిన పని అది, డబ్బు కోసం ముఠాలు చేస్తే ఎలా ఉంటుందో తర్వాత దేశమంతా చూసింది. పొలం కొన్నా అమ్మినా దస్తావేజు మీద మన వేళ్లు పడాల్సిందే, వద్దంటే రిజిస్ట్రేషనే లేదు. ఇందులో చదువురాని రైతు తప్పేంటో మాకు ఎంత ఆలోచించినా తట్టలేదు.

ఇంకో విచిత్రం చెప్పాలి. కొబ్బరి వొలిచీ, రొయ్యల షెడ్డులో తలకాయలు తీసీ తీసీ వేళ్లు అరిగిపోయిన ఆడవాళ్లకి రేషన్ మిషన్ దగ్గర ముద్ర పడదు. చీర కొంగుకి తుడుచుకుని, తడిగుడ్డతో రుద్దుకుని, ఈ వేలు కాదు ఆ వేలు పెట్టమ్మా అనిపించుకుని నానా పాట్లు పడతారు. ఇదే అలవాటు డబ్బులు తీసేచోట మోసగాడికి అక్కరకొస్తుంది. "సర్వర్ డౌనమ్మా, ఇంకోసారి పెట్టు" అంటాడు, ఆవిడ పెడుతుంది. మొదటిసారే డబ్బు పడుంటుంది, రెండోది అతని జేబులోకి. రసీదు అడిగితే రోల్ అయిపోయిందంటాడు.

బయోమెట్రిక్ లాక్ చేసుకోండని చెప్తారు, అంటే మళ్లీ మనం తీసేదాకా మన వేలిముద్ర ఎక్కడా పనిచెయ్యకుండా తాళం వెయ్యడం, మంచి సలహానే, ఆధార్ యాప్‌లో పెట్టుకోవచ్చు. కానీ దానికి ఆధార్‌కి లింకైన ఫోన్ నంబర్ చేతిలో ఉండాలి, మన దగ్గర చాలా ఇళ్లల్లో ఆ నంబరు దుబాయ్‌లో ఉన్న కొడుకుదో, ఎప్పుడో రీఛార్జ్ మానేసిన పాతదో అయ్యుంటుంది. ఒకవేళ లాక్ వేసినా రేషన్‌కీ ఈకేవైసీకీ వేలు పెట్టాల్సి వచ్చినప్పుడల్లా తియ్యాలి, మళ్లీ వెయ్యాలి. డెబ్భై ఏళ్ల మామ్మగారిని ఈ పని చేసుకోమనడం కంటే, ఆధార్‌తో విత్‌డ్రా అనేది ఖాతాదారు కావాలని సంతకం పెడితేనే ఆన్ చేసేలా బ్యాంకులకి చెప్పడం తేలిక కదండీ.

పైవాళ్ల వరస కూడా చూడండి. 2017 ఆగస్టులో తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు బెంచ్ ప్రైవసీ ప్రాథమిక హక్కని తేల్చింది. 2022 మే నెలాఖర్లో ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు జిరాక్సులు ఇవ్వొద్దు, చివరి నాలుగంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ వాడండి, లాడ్జీలకీ సినిమా హాళ్లకీ కాపీలు దాచుకునే అధికారం లేదు అని చెప్పింది, రెండ్రోజులకే కేంద్రం జనం తప్పుగా అర్థం చేసుకుంటారని దాన్ని వెనక్కి తీసేసుకుంది! 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, 250 కోట్ల దాకా జరిమానా అంది, దాని రూల్స్ నోటిఫై అయింది 2025 నవంబర్లో, అందులో అసలైన బాధ్యతలు అమలయ్యేది అక్కణ్ణుంచి ఏడాదిన్నరకి. అప్పటిదాకా లాడ్జి బీరువాలో ఫైళ్లు అలా పేరుకుంటూనే ఉంటాయన్నమాట.

డబ్బు పోయినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఇంకోటి చాలామందికి తెలీదు, 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మధ్యలో ఎక్కడో లోపం వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లోపు మనం బ్యాంకుకి చెప్తే ఆ నష్టం మనమీద వెయ్యకూడదు. బ్రాంచికి వెళ్తే మాత్రం "మీ వేలే కదండీ పడింది" అంటారు. వేలిముద్ర నకలు పొయ్యడం సాధ్యమేనని పోలీసు కేసులే చెప్తున్నప్పుడు, అది తన వేలు కాదని నిరూపించుకునే బాధ్యత ఖాతాదారు నెత్తిన పెట్టడం ఏం న్యాయం? నిరూపించాల్సింది బ్యాంకు. కలెక్టర్లు మూడు నెలలకోసారి బ్యాంకర్లతో మీటింగులు పెడతారు కదా, రుణాల టార్గెట్ల లెక్కతో పాటు ఆధార్ విత్‌డ్రా ఫిర్యాదులెన్ని వచ్చాయి, ఎందరికి డబ్బు తిరిగిచ్చారు అనే లెక్క కూడా అక్కడే అడగండి. ఆ లెక్క మాకిస్తే ఇదే పేజీలో వేస్తాం.