గులాబీ మొక్క మెడలోని రంగుల ఫోటో గారికి

మహారాజశ్రీ రంగుల ఫోటో గారికి,

విశాఖపట్నం నుంచి నమస్కరించి రాయునది. ఉత్తరం ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టాలని మా అమ్మ నేర్పింది. కానీ మన ఉభయుల్లో కుశలంగా ఉన్నది మీరొక్కరే. మీ ప్లాస్టిక్ తొడుగు మీద గీత కూడా పడలేదు. మీరు ఎవరి మెడలో వేలాడుతూ మా ఇంటికి వచ్చారో ఆ మొక్క మాత్రం పోయిన ఆగస్టులో కాలం చేసింది.

మీలాంటివారు మా వంటింటి సొరుగులో ఇంకో ఎనిమిది మంది ఉన్నారు. రబ్బరు బ్యాండ్లు, పాత గ్యాస్ పుస్తకం, అయిపోయిన టార్చిలైటు సెల్లుల మధ్య ఎర్రగా, పచ్చగా, గులాబీగా, ఒకరైతే ఏకంగా నీలంగా నవ్వుతూ పడుకుని ఉంటారు. మొక్కలు పోతున్నకొద్దీ ఫోటోలు పోగవుతున్నాయి. ఆ సొరుగు తెరిచిన చుట్టాలు మాకేదో ఊటీలో ఎస్టేటు ఉందనుకుంటారు.

మనం మొదట కలిసిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. సంక్రాంతి వెళ్లిన వారం. మా వీధిలోకి మొక్కల ట్రాలీ ఆటో వచ్చింది. ఆటోలో ఉన్న గులాబీ మొక్కలన్నీ ఒకేలా ఉన్నాయి: నాలుగు పుల్లలు, పది ఆకులు, కింద నల్ల కవరు. మీరు మాత్రం ఎండలో తళుక్కుమన్నారు.

“ఫోటో ఉన్నది 180 మేడమ్, లేనిది 150.”

“ఫోటోకి 30 రూపాయలా?”

“ఫోటో లేకపోతే ఏ రంగు పూస్తుందో మనకెలా తెలుస్తుంది మేడమ్?”

నిజమే కదా అనిపించింది. 180 ఇచ్చాను. పెళ్లిచూపులకి ముందే ఫోటో చూసి ఒప్పుకున్న సంబంధాలు ఎలా ఉంటాయో తెలిసిన దాన్నే, అయినా ఇచ్చాను.

ఇప్పుడు తీరిగ్గా మిమ్మల్ని చేతిలో పట్టుకుని చూస్తున్నాను. ముదురు ఎరుపు, మఖమలు లాంటి రేకులు, ఒక రేకు అంచున మంచు బిందువు. అంతా బాగుంది. కానీ మీలో ఎక్కడా ఆకు లేదు. సొరుగులో ఉన్న మిగతా ఎనిమిది మందినీ బయటికి తీసి వరసగా పేర్చి చూశాను. ఒక్కరిలోనూ సరైన ఆకు లేదు! ఉన్న ఒకటి రెండు కూడా పువ్వు వెనక మసగ్గా, తప్పు చేసినవాడిలా దాక్కున్నాయి. అప్పుడర్థమైంది. మా సముద్రం ఒడ్డున గులాబీ కథ అంతా ఆకులోనే ఉంటుంది. దాన్ని ఫోటో తీస్తే మీరు అమ్ముడుపోరు.

మీకు తెలియకపోవచ్చు కాబట్టి ఆ కథ చెబుతాను. జూన్‌లో తొలకరి పడ్డాక మా బాల్కనీలో ఆరేసిన తువ్వాలు మర్నాటికి కూడా ఆరదు. తువ్వాలే ఆరని చోట ఆకు ఆరుతుందా? నల్లమచ్చ తెగులు తెచ్చే బూజు జాతికి ఆకు ఓ ఏడు గంటలు తడిగా ఉంటే చాలు, మొలకెత్తి లోపలికి దిగిపోతుంది. ఏడు గంటలేం ఖర్మ, మేం దానికి ఏడు రోజులు ఇచ్చాం. పైగా ఆఫీసు నుంచి వచ్చి సాయంత్రం పూట పైపుతో మొక్కకి తలంటు పోసేదాన్ని. పాపం వేడికి మాడిపోయి ఉంటుందని ప్రేమ. ఆ తడి తెల్లారేదాకా ఆకు మీదే ఉంటుందని నాకు తట్టలేదు.

మొదట అడుగు వరస ఆకు మీద ఆవగింజంత నలుపు కనపడింది. మట్టి చింది ఉంటుందిలే అని వేలితో తుడిచాను. పోలేదు. నాలుగు రోజులకి అది పావలా బిళ్లంత అయింది. అంచు గుండ్రంగా ఉండదు దానికి. అద్దుడు కాగితం మీద సిరా చుక్క పడితే ఎలా పీచులు పీచులుగా పాకుతుందో అలా పాకుతుంది. ఆ తరవాత మచ్చ చుట్టూ పసుపు. ఆకంతా పసుపై, ఆ పసుపు మధ్య నల్లటి మచ్చలతో చిరుతపులి తోలులా ఉంటుంది. నిజం చెప్పాలంటే కాస్త అందంగా కూడా ఉంటుంది. వేలు తగిలితే చాలు, రాలిపోతుంది. రాలినవాటిని ‘ఎరువవుతుందిలే’ అని కుండీలోనే ఉంచాను. వాన చినుకు ఆ రాలిన ఆకు మీద పడి చిందినప్పుడల్లా తెగులు మళ్లీ పై వరసకి ఎక్కింది. నెలాఖరుకి మొక్క గొడుగు ఊచలా మిగిలింది. దాని మెడలో మీరు, అదే మంచు బిందువుతో.

మీ తప్పేమీ లేదంటారు. వంశం చూస్తే కొంత ఒప్పుకోవాలి. హైబ్రిడ్ టీ అనే మీ గులాబీల వంశానికి మొదటిదని చెప్పే ‘లా ఫ్రాన్స్’ 1867లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో గుయో అనే నర్సరీదారు తోటలో బయటపడింది. ఏడాదిలో మళ్లీ మళ్లీ పూసే గుణం చైనా గులాబీల నుంచి వచ్చినా, ఆ తరవాత ముద్దుగా పెంచి పోషించింది చల్లటి దేశాలవాళ్లు. పగలు 25 డిగ్రీలు, రాత్రి 15 డిగ్రీలు ఉంటే ఈ వంశానికి ప్రాణం లేచొస్తుంది. మే నెలలో మా ఇంట్లో అలాంటి అంకెలు ఏసీ రిమోట్ మీద తప్ప ఇంకెక్కడా కనపడవు.

మే నెల అంటే గుర్తొచ్చింది. అప్పుడూ రెండు పువ్వులు పూసింది మీ మొక్క. ఫోటో పక్కన పెట్టి పోల్చి చూసుకున్నాం. మీ ఎరుపు ఎక్కడ, ఆ పువ్వు రంగెక్కడ! బీట్‌రూట్ ఉడికించి వార్చిన నీళ్లలా ఉంది. రేకులు మీలో సగం కూడా లేవు. పొద్దున్న విచ్చింది, మధ్యాహ్నానికి అంచులు కాలిపోయాయి, సాయంత్రానికి రాలిపోయింది. అడుగున ఎర్రనల్లి. ఆకు వెనక భూతద్దంలో చూస్తే దుమ్ము నడుస్తున్నట్టు ఉంటుంది. ఆకు వెనక వైపు పొద్దున్నే గట్టిగా నీళ్లు కొడితే అది కొంత తగ్గుతుంది. ఎండాకాలంలో ఆకు తడపాలి, వానాకాలంలో ఆకు ఆరబెట్టాలి. ఈ సంగతి మీ వెనక వైపు రాసి ఉండొచ్చు కదా? ఉత్త తెల్ల కాగితమే కదా మీ వీపు.

మీరు చెప్పలేదు కాబట్టి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు చెప్పింది. అరటి తొక్కలు వెయ్యమన్నారు, వేశాను, దోమలొచ్చాయి. వాడేసిన టీ పొడి వెయ్యమన్నారు. మా ఇంట్లో టీ పొడీ పంచదారా కలిపి మరిగిస్తాం, చీమలొచ్చాయి. గుడ్డు పెంకులు వెయ్యమన్నారు, కాకులొచ్చాయి. ఉల్లి తొక్కలు మూడు రోజులు నానబెట్టిన నీళ్లు పోశాక కింది ఫ్లాటు నుంచి మనుషులే వచ్చారు. మా ఆయన మాత్రం ఏ సలహా ఇవ్వలేదు. “ఏడాదికి నాలుగు మొక్కలు, ఎనిమిది వందలు. వారానికో పువ్వు కొనుక్కున్నా ఇంకా మిగులుతుంది” అన్నారంతే.

ఇంతకీ అసలు సంగతి కుండీ లోపల ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీకంటే ముందొచ్చిన ఏడో మొక్కకి నల్ల కవరు చింపి, మట్టి ముద్దని అలాగే దించి పాతాను. ముద్ద కదిలితే వేరు దెబ్బతింటుందని భయం. ఆ మొక్క పోయాక పీకి చూస్తే చుట్టూ నేను పోసిన ఎర్రమట్టి, ఎరువు, కొబ్బరి పొట్టు చక్కగా ఉన్నాయి. మధ్యలో క్రికెట్ బంతిలా గట్టిపడిన బంకమట్టి. వేళ్లు అందులోంచి బయటికి రావడానికి చేసిన ప్రయత్నం కూడా కనపడలేదు. దూరాలకి పంపేటప్పుడు వేరు ఎండకుండా ఆ మట్టి చుడతారు. ప్రయాణానికి అది మంచిదే. ఇల్లు చేరాక బకెట్ నీళ్లలో కాసేపు నానబెట్టి, సగమైనా మెల్లగా కరగనిచ్చి నాటుకోవాలి. ఏడో మొక్కప్పుడు నాకు తెలిసిన విద్య ఇది.

నీలం రంగు అన్నగారి సంగతి కూడా మీకు చెప్పాలి, సొరుగులో ఉన్న ఆయన మీ బంధువే కాబట్టి. ఆయన ఖరీదు 250. నెమలి కంఠం రంగు ఫోటో. గులాబీ జాతికి నీలి రంగు తయారుచేసే జన్యువే లేదు. జపాన్‌లో సంటోరీ కంపెనీవాళ్లు 1990లో మొదలుపెట్టి, పాన్సీ పువ్వు జన్యువు తెచ్చి గులాబీలో పెట్టి, ఎట్టకేలకు 2009లో అమ్మకానికి తెచ్చారు. అంత చేసినా అది వంకాయ కడిగిన నీళ్ల రంగు దాటలేదు. మా ట్రాలీ ఆటో అబ్బాయి మాత్రం మల్టీకలర్ కూడా ఉందన్నాడు. ఆ నీలం మొక్క చివరికి పూసింది. తెల్లగా.

ఇవన్నీ చెబుతున్నానని ఈ వేడికి గులాబీయే వద్దంటున్నానని అనుకోకండి. మన ఎండల గురించి ఆలోచించినవాళ్లు లేకపోలేదు. ఐఏఎస్ ఉద్యోగం వదులుకుని కొడైకెనాల్‌లో స్థిరపడ్డ వీరరాఘవన్ గారు దశాబ్దాల పాటు చేసింది ఈ పనే. బెంగాల్, బిహార్ వైపు నీటి ఒడ్డున పెరిగే రోజా క్లైనోఫిల్లా అనే మన అడవి గులాబీనీ, ఈశాన్య కొండల్లో చెట్లెక్కే రోజా జైగాంటియానీ తెచ్చి, వేడి దేశాలకి తగ్గ రకాలు సృష్టించారు. కాళ్లు నీళ్లలో పెట్టుకుని, నెత్తిన ఎండ మోసే గులాబీ మన దేశంలోనే ఉంది. మా వీధికొచ్చే ఆటోలో ఆ పిల్లల ఫోటో ఒక్కటీ నా కంటపడలేదు. మీరంతా పక్కకి జరిగి కాస్త చోటిస్తే బాగుండేది.

ఇక మన అసలు లెక్క. ఆగస్టులో కొమ్మ కొస నుంచి నల్లబడుతూ కిందికి దిగడం మొదలైంది. ఎండుకొమ్మ తెగులు. పచ్చగా ఉన్నచోట కోసి, కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద రాయమన్నారు. కత్తెర పట్టుకుని దగ్గరికి వెళితే మీరు అడ్డొచ్చారు. తీద్దామంటే రాలేదు. మిమ్మల్ని కట్టిన సన్నటి ఇనప తీగ ఏడు నెలల్లో కొమ్మ బెరడులోకి దిగిపోయి ఉంది. ఉంగరం బిగుసుకుపోయిన వేలిలా తీగకి పైన వాపు, కింద సన్నం. తీగ సందుల్లో, మీ వీపు చాటున, ఎర్రటి పొలుసు పురుగులు కుదురుగా కాపురం పెట్టాయి. గోరుతో గీస్తే పెచ్చులుగా లేచాయి. మీ నీడలో మందు తగలదు, గాలి తగలదు. వాటికి అంతకంటే సుఖమైన చోటు మా బాల్కనీలో లేదు. అంటే మొక్కని చంపింది తేమ ఒక్కటే కాదు. మీరు మెడలో హారం అనుకున్నాను. ఉరి అని తెలియలేదు.

అయినా అదే వారం కుండీ అడుగు నుంచి ఒక కొమ్మ లేచింది. ఏం కొమ్మ! రోజుకి జానెడు. లేత ఆకుపచ్చ, మచ్చ లేదు, మడత లేదు. బతికిందని ఇల్లంతా చెప్పాను. వేపపిండి వేశాను. పొద్దున్నే మొదట్లో మాత్రమే నీళ్లు పోశాను. లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేప నూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి వారానికోసారి కొట్టాను. మిమ్మల్ని కడిగి, ఈసారి నూలు దారంతో, వదులుగా ఆ కొమ్మకే మళ్లీ కట్టాను. రెండు నెలలైంది. నా అంత ఎత్తు పెరిగింది. మొగ్గ లేదు.

ఎదురు ఫ్లాటు మామ్మ గారిది శ్రీకాకుళం. కొత్తిమీరకని వచ్చి బాల్కనీలోకి తొంగి చూశారు. వంగి మొదలు పట్టుకున్నారు.

“అదేటమ్మా, అది మీ గులాబీ కాదు. కిందది లేచింది. పైది ఎప్పుడో పోయింది.”

అంటు కట్టిన ముడి చూపించారు. ముడి పైనంతా ఎండు పుల్ల. కొమ్మ వచ్చింది ముడి కింద, వేరుమొక్క నుంచి. ఆకుకి ఏడు రెబ్బలుంటే అడవిది, ఐదుంటే మంచిది అని గ్రూపులో చెబుతారు. అది నమ్మడానికి లేదు, రెండూ రెండు రకాలుగానూ ఉంటాయి. ముడికి పైనా కిందా అన్నదే లెక్క. మీ రాణీగారిని నెత్తిన పెట్టుకుని ఇన్నాళ్లూ మోసిన పనిమనిషి అది. ఎండా వానా తట్టుకున్నదీ అదే. ఎనిమిది మొక్కల దగ్గర అది తల ఎత్తినప్పుడల్లా ‘పనికిరాని పిలక’ అని తుంచి పారేసింది నేనే.

మామ్మ గారి గుమ్మం ముందు 20 లీటర్ల పెయింటు డబ్బాలో నాటు గులాబీ ఉంది. అంటు లేదు, ఫోటో లేదు. ఎప్పుడో పుట్టింటి నుంచి పుల్ల తెచ్చి గుచ్చారట. సొంత కాళ్ల మీద నిలబడింది. దానికీ మచ్చలొస్తాయి. రాలిన చోట కొత్తాకు వేసుకుని తన పని తాను చూసుకుంటుంది. బియ్యం కడుగు నీళ్లు తాగుతుంది. పువ్వు చిన్నది, లేత గులాబీ రంగు, మధ్యాహ్నానికి రేకులు వదులైపోతాయి. మీ పక్కన పెడితే ఫోటోకి పనికిరాదు. లిఫ్టు తలుపు తెరిస్తే మాత్రం వాసన మా అంతస్తు వచ్చిందని చెబుతుంది.

విషయం తెలిశాక మా ఆయన మిమ్మల్ని కొమ్మ నుంచి విప్పి వంటింటి అల్మారా తలుపుకి టేపుతో అంటించారు. “పోయినవాళ్ల ఫోటో సొరుగులో పెట్టకూడదు” అన్నారు. ఫోటో పెట్టాక దండ వెయ్యకపోతే ఏం బాగుంటుంది? మా బాల్కనీలో ఒక్క పువ్వు లేదు. మామ్మ గారి తలుపు తట్టాను. సంగతి చెబితే నవ్వి, డబ్బాలోంచి ఎనిమిది పూలు కోసి ఒళ్లో పోశారు. దారంతో గుచ్చి మీకు వేశాను. మీ మంచు బిందువు దగ్గర ఒక పువ్వు కొంచెం అడ్డొచ్చింది, ఏమీ అనుకోవద్దు.

ఇట్లు,
మూడో అంతస్తు, తూర్పు బాల్కనీ

తా.క.: మామ్మ గారు ఒక పుల్ల కూడా ఇచ్చారు. మీ కుండీలోనే గుచ్చాను. ఫోటో తీయలేదు.