మామూళ్ళు మరిగిన ఘర్షణగారికి

పైదవడలో, కుడి కోరపన్ను దగ్గర కాపురముంటున్న ఘర్షణగారికి నమస్కారాలు.

తమరు అక్కడున్నారని నాకు మొదట్లో తెలియదు. క్లిప్పులు పెట్టించుకుంటే తీగ లాగుతుంది, పన్ను కదులుతుంది, అంతే అనుకున్నాను. నాలుగు మంచి పళ్ళు పీకించుకున్నాను. ఏడు మిల్లీమీటర్ల ఖాళీలోకి కోరపన్ను నెలకో మిల్లీమీటరు చొప్పున జరగాలట. మూడో నెలకీ అది ఉన్నచోటే ఉంటే డాక్టరమ్మని అడిగాను. "ఫ్రిక్షనండీ" అంది. ఆవిడ ఫీజు సరే, మధ్యలో తమరి మామూలు కూడా ఉందని అప్పుడు తెలిసింది. స్ప్రింగు 150 గ్రాముల బలంతో లాగుతుంది. తమరు మినహాయించుకోగా మిగిలిందే పంటికి.

ఫోన్ టార్చి వేసుకుని అద్దంలో తమరి ఇల్లు చూశాను. క్లిప్పులో తీగ కూర్చునే గాడి వెడల్పు 0.022 అంగుళం, అందులో పడుకున్న స్టీలు తీగ 0.019. మిగిలింది వెంట్రుక మందమంత సందు. అంత ఇరుకులో ఉంటూ ఇంత పెత్తనమా! 1920ల్లో అమెరికాలో ఎడ్వర్డ్ యాంగిల్ అనే పళ్ళ డాక్టరు క్లిప్పుకి నలుపలకల గాడి పెట్టినప్పటినుంచీ తమరికి పక్కా ఇల్లు అమరినట్టుంది.

తమరు పనిచేసే తీరు మాత్రం మెచ్చుకోవాలి. క్లిప్పు బయట, వేరు ఎముకలో. లాగగానే పన్ను ఒరుగుతుంది. పాత టేబుల్ సొరుగుని ఒక మూల పట్టుకుని లాగితే అడ్డం తిరిగి ఇరుక్కోదూ, అచ్చం అలా గాడి మూలలు తీగని కరుచుకుంటాయి. తీగ మెల్లగా పన్నుని నిలబెట్టాలి. అప్పుడు రవ్వంత జరుగుతుంది. మళ్ళీ ఒరుగుతుంది. మళ్ళీ కరుచుకోవడం.

నా తప్పూ ఉంది లెండి. పెళ్ళి ఫొటోల్లో కనపడకూడదని ఎక్కువ డబ్బు పోసి సెరామిక్ క్లిప్పులు పెట్టించుకున్నాను. స్టీలు కన్నా గరుకు, తమరికి విందు. తమరిని నునుపుగా సాగనంపడానికి కొన్ని సెరామిక్ క్లిప్పుల గాడిలో స్టీలు రేకు వేసి మరీ అమ్ముతారట! తీగని గాడిలో పట్టి ఉంచడానికి రబ్బరు రింగు బదులు మూత ఉండే క్లిప్పులొస్తే తమరి పని అయిపోయిందన్నారు. ల్యాబులో సన్నటి గుండ్రటి తీగతో నిజమే. రోగుల మీద పరీక్షిస్తే చికిత్స ముందుగా ముగిసిందేమీ లేదు.

తమరు లేని రోజులూ చూశాను. మొదటి నెల గుండ్రటి తీగ రాత్రికి రాత్రే పక్కకి జారి బుగ్గలో గుచ్చుకుంది. మైనం ముద్ద అంటించుకుంటూ తమరినే తలుచుకున్నాను.

నమిలినప్పుడు తీగ అదిరి తమరి పట్టు కాస్త సడలుతుందట. జంతికలు తింటే క్లిప్పు ఊడుతుంది. పెరుగన్నానికి అదురుతారా? ఊరగాయ ముక్క కలిపితే? మొన్న ఆ ఖాళీలో జామగింజ ఇరుక్కుంది. పోయిన నెల రెండు పట్టేవి, ఇప్పుడు ఒక్కటే.

ఇట్లు,
జామకాయని చెంచాతో తింటున్న తమరి నెలవారీ చందాదారు