టీ కొట్టు తాతకు పేరేదీ?

మొన్నొక ఆదివారం వడపళని విజయా మాల్‌లో ఒక భారీ తెలుగు సినిమా చూశాం. మూడు గంటల సినిమా. బయటికొచ్చి ఎస్కలేటర్ మీద దిగుతుంటే తొమ్మిదేళ్ల మా అమ్మాయి అడిగింది: "నాన్నా, ఆ టీ కొట్టు తాత పేరేంటి?"

రౌడీలు కొట్టు తగలబెడితే హీరో ముందు కూలబడి ఏడ్చే ముసలాయన గురించి అడుగుతోంది. ఇంటర్వెల్ ముందు హీరో అంతమందిని చితకబాదింది ఆయన కోసమే. ఎంత ఆలోచించినా పేరు తట్టలేదు. ఇంటికొచ్చాక అర్థమైంది, మరిచిపోవడానికి అసలు ఆ సినిమావాళ్లు ఆయనకు పేరే పెట్టలేదు. ఆయన ఏడవాలి, హీరో చూడాలి, అంతే. కొట్టు కాలిపోయాక ఆ మనిషి ఎక్కడ పడుకున్నాడో, మర్నాడు ఏం తిన్నాడో ఎవరికీ పట్టలేదు. మా పిల్లకు పట్టింది.

ఆ మాల్ నిలబడిన నేల ఎవరిదో చెన్నై తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆసియాలోకెల్లా పెద్దదని పేరు పడ్డ విజయా-వాహినీ స్టూడియో ఉన్న చోటది. ఇప్పుడక్కడ మాల్ ఉంది, పక్కన హోటలుంది, ఆస్పత్రి ఉంది. మా తాత ఆ స్టూడియోలో సెట్ల దగ్గర కార్పెంటరు. నెల్లూరు వైపు నుంచి వచ్చి కోడంబాక్కంలో స్థిరపడ్డ వేలమందిలో ఒకడు. ఆయన రామారావు గురించో నాగేశ్వరరావు గురించో చెప్పింది తక్కువ. రమణారెడ్డి ఎలా నడిచేవాడో చేసి చూపించేవాడు. సూర్యకాంతం ఇంటి నుంచి వండి తెచ్చి సెట్లో అందరికీ పెట్టేదని చెప్పేవాడు. సినిమాను ఎటువైపు నుంచి చూడాలో నాకు నేర్పింది ఆయనే.

అందుకే సినిమా బాగుందా లేదా తేల్చుకోవడానికి నాకు ఒకటే కొలత ఉంది. హీరో తెరమీద లేనప్పుడు సినిమా బతికుందా? ఉంటే అది నా సినిమా. లేకపోతే ఎన్ని వందల కోట్లు వసూలు చేసినా నాకు సంబంధం లేదు.

ఈ కొలతతో 'మాయాబజార్' చూడండి. 1957 సినిమా. భారత కథే, కానీ పాండవులు ఒక్క సీనులో కూడా కనిపించరు. అయిదుగురు మహావీరుల్ని పక్కనబెట్టి తీసిన సినిమాను అరవై ఏళ్లు దాటినా ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తున్నాం. ఎవరి కోసం? చేతులు నలుపుకుంటూ తిరిగే చిన్నమయ్య కోసం, గిల్పం, గింబళి అనే మాయ మంచం, తివాచీలతో తంటాలు పడే శర్మ, శాస్త్రుల కోసం, అద్దం ముందు మురిసిపోయే లక్ష్మణ కుమారుడి కోసం. వీళ్లలో ఒక్కరిని తీసేసినా సినిమాకు చిల్లు పడుతుంది.

ఆ సినిమాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఒకటుంది. ఘటోత్కచుడి పరివారంలో ఒక చిన్న రాక్షసుడు 'అసమదీయులు, తసమదీయులు' అని కొత్త మాటలు వాడతాడు. వ్యాకరణం తెలిసిన గురువు అదేం మాటని ఆక్షేపించబోతాడు. కానీ ఘటోత్కచుడు, అంటే యస్వీ రంగారావు, మాటలు ఎవరో ఒకరు పుట్టిస్తేనే కదా పుట్టేది అని వాణ్ని మెచ్చి వీరతాడు వేయిస్తాడు. ఒక్కసారి ఆలోచించండి. ఆ సీనులో పెద్దవాడు రంగారావు, ఆ మాటలు రాసింది పింగళి నాగేంద్రరావు. తెలుగులో ఎప్పటికీ నిలిచిపోయే మాటను పింగళి ఘటోత్కచుడికి ఇవ్వలేదు. పేరు కూడా చాలామందికి గుర్తుండని ఒక అనుచరుడికి ఇచ్చాడు. మాటను పుట్టించేది చిన్నవాడు, పెద్దవాడి పని దాన్ని గుర్తించడం. దర్శకుడు కె.వి. రెడ్డి, పింగళి కలిసి అరనిమిషంలో ఇంత పెద్ద సంగతి చెప్పేశారు.

'గుండమ్మ కథ' సంగతి ఇంకా స్పష్టం. 1962లో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ శిఖరం మీద ఉన్నారు. ఎన్టీఆర్‌కు అది నూరో సినిమా. ఇద్దరు అగ్రనటులు, సావిత్రి, జమున ఉన్న సినిమాకు నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి పెట్టిన పేరు ఒక గయ్యాళి సవతి తల్లిది. ఆ తల్లి సూర్యకాంతం. ఆమె ఆ పాత్రల్లో ఎంతగా నిలిచిపోయిందంటే ఆడపిల్లలకు సూర్యకాంతం అని పేరు పెట్టడమే మానేశారని మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2024లో ఆమె శతజయంతి జరిగింది. ఈ రోజు ఒక పెద్ద హీరో సినిమాకు అత్తగారి పాత్ర పేరు పెడదామని ఏ దర్శకుడైనా నిర్మాత గదిలో కూర్చుని అనగలడా?

అంతకు ముందు 1955లో 'మిస్సమ్మ' వచ్చింది. అప్పటికే 'దేవదాసు'తో ఇంటింటికీ తెలిసిన నాగేశ్వరరావు ఇందులో కాస్త పిచ్చి డిటెక్టివ్‌గా రెండో పాత్ర వేశారు. నవ్వించారు, పక్కకు తప్పుకున్నారు. ఆయన స్థాయి తగ్గిందని ఎవరూ అనుకోలేదు. 'నర్తనశాల' సంగతీ అంతే. జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది అర్జునుడికి కాదు, కీచకుడు వేసిన రంగారావుకు.

పాత సినిమాలనే మెచ్చుకునే ముసలి బుద్ధి అనుకోకండి. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' చూసి థియేటర్‌లో లైట్లు వేసినా లేవలేకపోయాను. అందులో నటించినవాళ్లు ఎక్కువమంది ఆ పేటవాళ్లే, కెమెరా ముందుకు ఎప్పుడూ రానివాళ్లు. 2023లో 'బలగం' వచ్చింది. ఇంటి పెద్ద మొదట్లోనే చనిపోతాడు, మిగతా సినిమా అంతా పిండం ముట్టని కాకి చుట్టూ తిరుగుతుంది. మటన్‌లో నల్లి బొక్క దగ్గర మొదలైన గొడవతో ఏళ్ల తరబడి ఇంటి గడప తొక్కని అల్లుడు ఒకడుంటాడు. అది సైడ్ క్యారెక్టర్. అయినా ఆ నల్లి బొక్క నాకు మా ఇంట్లో ఆగిపోయిన రెండు రాకపోకల్ని గుర్తు చేసింది. పుట్టి పెరిగింది చెన్నైలో కాబట్టి తెలంగాణ యాస నాకు కొత్త. అయినా ఒక్క మాట కూడా చెయ్యి జారలేదు.

ఇక నిరాశల సంగతి. 2019లో 'సాహో' మీద ఎంత ఆశ పెట్టుకున్నానో చెప్పలేను. హిందీలోనూ తెలుగులోనూ ఒకేసారి తీసిన సినిమా. అందులో ఎందరో పేరున్న నటులు ఉన్నారు. సినిమా అయ్యాక ఒక్క మనిషీ నా వెంట ఇంటికి రాలేదు. ఆ నటుల తప్పు కాదది. వాళ్లకు నిలబడటానికి చోటు ఇచ్చారు గానీ బతకడానికి జీవితం ఇవ్వలేదు. 'ఆర్‌ఆర్‌ఆర్' గురించి చెబితే చాలామందికి కోపం వస్తుంది, అయినా చెప్పాలి. ఆ సినిమా చూస్తూ నేనూ ఈలలు వేశాను. 2023లో ఆస్కార్ వచ్చిన రోజు మా ఆఫీసులో తమిళ మిత్రులకు మైసూర్‌పాక్ పంచాను. కానీ ఆ కథ మొదలైంది మల్లి అనే గోండు పిల్లతో. పాట పాడి, చేతికి బొమ్మ వేసి, తెల్లదొరసాని కంటబడి తల్లి ఒడిలోంచి దూరమైన పిల్ల. ఆ పిల్ల కోట లోపల ఎలా బతికింది? రాత్రిళ్లు ఏ భాషలో ఏడ్చింది? ఇద్దరు వీరుల స్నేహం పెరిగేకొద్దీ మల్లి చిన్నదైపోయింది. చివరికి ఆమె రక్షించి తేవలసిన వస్తువుగా మిగిలింది. అంత శక్తి ఉన్న దర్శకుడు ఇంకో పది నిమిషాలు ఆ పిల్లకు ఇస్తే ఆ సినిమా నా గుండెల్లో వేరే చోట ఉండేది.

ఎందుకిలా అవుతోంది? హీరోల పారితోషికాలు, ఓటీటీ లెక్కలు, మొదటి మూడు రోజుల వసూళ్లు, ఇవన్నీ అందరూ చెప్పేవే. నా ఉద్దేశంలో అసలు కారణం డబ్బింగ్. పాన్ ఇండియా సినిమా అయిదు భాషల్లో ఒకే రోజు విడుదల కావాలి. హీరో నడిచొస్తుంటే వెనక మంటలు, స్లో మోషన్, బీజీఎం. దీనికి అనువాదం అక్కర్లేదు. కానీ పక్క పాత్ర బతికేది మాట మీద. ఆ పాత్రకు ఊరుంటుంది, కులవృత్తి ఉంటుంది, సామెత ఉంటుంది, యాస ఉంటుంది. 1985లో 'ప్రతిఘటన'లో కాశయ్యగా కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో మాట్లాడుతుంటే జనం భయపడ్డారు, నవ్వారు, రెండూ ఒకేసారి చేశారు. ఆ కాశయ్యను హిందీలోకి ఎలా పంపుతారు? పంపలేరు. అందుకని అలాంటి మనిషిని స్క్రిప్టులోనే పుట్టనివ్వడం లేదు. ఆయన చోటులో ఒక కన్నడ నటుడు, ఒక మలయాళ నటుడు, ఒక ముంబై విలన్, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో ముఖం. పెదవులు ఒకటి పలుకుతాయి, మనకు ఇంకొకటి వినిపిస్తుంది. 2025 జులైలో కోట కన్నుమూసిన వారమంతా నా ఫోన్ నిండా ఆయన ముక్కలే. ముఖ్యంగా 'అహ నా పెళ్లంట'లో వేలాడదీసిన కోడిని చూస్తూ అన్నం తినే పిసినారి. 1987లో ఆయన ఆ సినిమాకు హీరో కాదు. కానీ ఇవాళ మనం పంచుకునేది ఎవరిని?

మార్కెట్ పెరగకపోతే తెలుగు సినిమా ఎదగదని, ఉత్తరాది డబ్బే మన దగ్గర ఇంత పెద్ద సినిమాలు తీయిస్తోందని అవతలివాళ్లు అంటారు. పెద్ద సినిమాలో చిన్న మనుషులకు టైమెక్కడిది అంటారు. దానికి జవాబు 'బాహుబలి'లోనే ఉంది. 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా దేశమంతా అడిగిన ప్రశ్న బాహుబలి గురించి మాత్రమే కాదు, కట్టప్ప గురించి. సింహాసనం పక్కన నిలబడే ఒక బానిస ఎందుకలా చేశాడో తెలుసుకోవడానికి జనం టికెట్ కొన్నారు. భాష మారితే గానీ జనం రారనే మాటకు మా చెన్నైలోనే జవాబు దొరుకుతుంది. 1978లో 'మరో చరిత్ర' తెలుగులోనే, డబ్బింగ్ లేకుండా, మౌంట్ రోడ్డు సఫైర్ థియేటర్‌లో ఐదొందల రోజులు దాటి ఆడింది. చూసినవాళ్లలో ఎక్కువమంది తమిళులు. ఆ సినిమా గోడకు ఇటు తెలుగు కుటుంబం, అటు తమిళ కుటుంబం. తల్లులూ తండ్రులూ పోట్లాడుకునే తీరులో ఎవరి భాష వాళ్లకుంది. ఆ తేడా ఉంచారు కాబట్టే ఇద్దరికీ అర్థమైంది.

చెన్నైలో ఉండే మాకు ఇది సినిమా రుచికి సంబంధించిన గొడవ మాత్రమే కాదు. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేశారు. ఒక రాష్ట్రం తన భాషను అలా నిలబెట్టుకుంటే నాకు గౌరవమే, ఫిర్యాదు లేదు. మన పిల్లల తెలుగు సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. మా అమ్మాయి తమిళం చక్కగా రాస్తుంది, ఇంగ్లిష్ చదువుతుంది, తెలుగు అక్షరాలు గుణింతాల దగ్గర ఆగాయి. నా చిన్నప్పుడు 'చందమామ' ఉండేది. 1947 జులైలో మొదలై, ఆ నాగిరెడ్డి, చక్రపాణులే, ఆ వడపళనిలోనే అచ్చువేసిన పత్రిక. ఇప్పుడదీ లేదు. ఇంట్లో మాట్లాడే తెలుగు 'అన్నం తిన్నావా, హోంవర్క్ చేశావా' దగ్గరే తిరుగుతుంది. తిట్టు, దెప్పు, బుజ్జగింపు, వేళాకోళం, బేరం, శాపనార్థం, ఇవన్నీ పిల్లలకు ఎక్కడ వినిపిస్తాయి? హీరో దగ్గర వినిపించవు. హీరో నాలుగు మాటలు మాట్లాడి కళ్లజోడు పెట్టుకుంటాడు. భాషంతా గుండమ్మ దగ్గర, చిన్నమయ్య దగ్గర, నల్లి బొక్క కోసం అలిగిన అల్లుడి దగ్గర ఉంటుంది. వాళ్లను సినిమాలోంచి తీసేస్తే ఆంధ్రాలోనో తెలంగాణలోనో పెరిగే పిల్లకు వీధి ఉంది, బడి ఉంది, సంత ఉంది. కోడంబాక్కంలో పెరిగే నా పిల్లకు మిగిలింది ఏమిటి? అందుకే తర్వాత కథ రాసుకుంటున్న దర్శకులను చేతులు జోడించి అడుగుతున్నాను. మీ హీరోను తగ్గించమనడం లేదు. ఆయన టీ తాగే కొట్టులోని మనిషికి ఒక పేరు, ఒక ఊరు, ఒక సొంత మాట ఇవ్వండి.

ఆ భారీ సినిమా చూసిన వారం తర్వాత ఇంట్లో 'మాయాబజార్' పెట్టాను. మా అమ్మ, మా అమ్మాయి చాపేసుకుని కూర్చున్నారు. పిల్ల మధ్యమధ్యలో అడుగుతూనే ఉంది, వాళ్ల అవ్వ చెబుతూనే ఉంది. గింబళి అంటే ఏంటి, దుష్టచతుష్టయం అంటే ఎవరు, వీరతాడు మెడకు వేస్తారా చేతికి వేస్తారా. మర్నాడు సాయంత్రం బడి వ్యాన్ దిగి వచ్చి, "అవ్వా, ఇవాళ వ్యాన్‌లో తూక్కునుకు పట్టింది" అంది. తమిళంలో నిద్రను తూక్కం అంటారు. ఆ తూక్కం, తెలుగు కునుకు, రెండూ కలిపేసింది. నేను సరిదిద్దబోయాను. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, తులసికోట దగ్గర కట్టిన చామంతి దండ తెచ్చి దాని మెడలో వేసింది.

వచ్చే ఆదివారం 'మిస్సమ్మ' చూడాలని అనుకున్నాం. దేవయ్య ఎవరో, ఏం చేస్తాడో ముందే చెప్పకూడదని నాతో ఒట్టు వేయించుకుంది.