నిర్ణయం కాకముందే చెప్పండి

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకై జనం ఊపిరాడక వీధుల్లోకి పరుగెత్తి ఎక్కడికక్కడ కూలిపోయారు. వాళ్లలో చాలామందికి ఆ వాయువు పేరు కూడా తెలియదు. పన్నెండు ప్రాణాలు పోయాక స్టైరీన్ అన్న ప్లాస్టిక్ ముడి రసాయనం పేరు విశాఖలో ప్రతి ఇంటికీ చేరింది. దాన్ని ట్యాంకులో చల్లగా ఉంచకపోతే తనంతట తానే వేడెక్కుతుందనీ, ఆవిరి బయటికి తన్నుకొస్తుందనీ, అది గాలి కంటే బరువు కాబట్టి నేలకు దగ్గరగా పాకుతుందనీ నిపుణులు టీవీల్లో చక్కగా వివరించారు. ఇందులో ఎవరూ కొత్తగా కనిపెట్టింది లేదు. కెమికల్ ఇంజినీరింగ్ చదివే పిల్లలకు తెలిసిన సంగతే. ఫ్యాక్టరీ గోడ పక్కనే కాపురాలు ఉంటున్నవాళ్లకు మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

ఈ నగరంలో చదువుకున్నవాళ్లకు కొదవ లేదు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. అందులో వ్యవసాయ ఆర్థిక పరిశోధన కేంద్రం ఉంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, గంభీరంలో ఐఐఎం, సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. తీరం గురించి, తాగునీటి గురించి, మురికివాడల గురించి, గిరిజన భూముల గురించి ఇక్కడ జరిగిన పరిశోధనకు లెక్కలేదు. అదంతా జర్నళ్లలో, సెమినార్ హాళ్లలో, శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలోకి ఎక్కించిన థీసిస్‌లలో ఉండిపోతోంది. ఊరికి అవసరమైన రోజున ఊరి చేతికి అందడం లేదు. మా ఫిర్యాదు ఇదే.

ఆర్‌కే బీచ్ సంగతే చూడండి. ఇసుక కోసుకుపోయి గోడలు కూలినప్పుడల్లా నెపం తుపాను మీదకో సముద్రుడి ఆగ్రహం మీదకో నెట్టేసి ఊరుకుంటాం. కారణం చాలావరకు మనం కట్టుకున్నదే. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి ఇసుకను మోసుకెళ్తాయి. 1976లో ప్రారంభమైన అవుటర్ హార్బర్ గోడలు ఆ ఇసుకకు అడ్డుపడ్డాయి. డాల్ఫిన్స్ నోస్‌కు అవతల ఇసుక చేరుతుంటే ఇవతల బీచ్‌కు రావాల్సిన వాటా ఆగిపోయింది. అందుకే అక్కడ చేరిన ఇసుకను డ్రెడ్జర్‌తో తవ్వి పైపుల ద్వారా ఇటు పోయాల్సి వస్తోంది. ఈ పని సమయానికి జరగకపోతే, చాలినంత జరగకపోతే కోత తప్పదు. ఇంత తేలికైన విషయం ఎంతమంది నగరవాసులకు తెలుసు? తెలిస్తే, బీచ్ రోడ్డు పక్కన కొత్త కట్టడానికి అనుమతి ఇచ్చేటప్పుడు కార్పొరేటర్‌ను అడిగే ప్రశ్నే మారిపోతుంది.

నిపుణుల మాట జనానికి ఎక్కదని కొందరంటారు. మేము ఒప్పుకోం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడటానికి ముందే తీరంలో వేలమందిని ఖాళీ చేయించగలిగారంటే, వాతావరణ శాస్త్రం సమయానికి అందినందువల్లే, అర్థమయ్యే మాటల్లో అందినందువల్లే. ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే ఏం చేయాలో జాలరిపేటలో ఎవరూ ఎవరినీ అడగరు. ఉక్కు కర్మాగారం ఉద్యమమూ అంతే. సొంత గనులు లేక ఇనుప ఖనిజాన్ని మార్కెట్ ధరకు కొనాల్సి రావడం నష్టాలకు ముఖ్య కారణమని కార్మిక సంఘాలు, వాళ్లకు అండగా నిలిచిన ఆర్థికవేత్తలు పదేపదే చెప్పారు. ఇవాళ గాజువాకలో ఆటో ఎక్కితే డ్రైవరే ఆ వాదన వినిపిస్తాడు.

ఇక కొత్త ప్రాజెక్టుల మీద జరిపే ప్రజాభిప్రాయ సేకరణ సభలకు వెళ్లి చూడండి. టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, చుట్టూ పోలీసులు. బల్ల మీద వందల పేజీల పర్యావరణ ప్రభావ నివేదిక, అదీ ఇంగ్లిష్‌లో. 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం తెలుగులో తప్పనిసరిగా ఇవ్వాల్సింది సారాంశం మాత్రమే. దాన్ని చదివి విప్పి చెప్పేవాళ్లు లేక ఓ మత్స్యకారుడు మైకు అందుకుని ‘మా వేట సంగతేటి బాబూ’ అని అడుగుతాడు. జవాబుగా కంపెనీ కన్సల్టెంట్ పట్టికలు చదువుతాడు. సభకు కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నది నిబంధన. ఆ ముప్పై రోజుల్లో విశ్వవిద్యాలయం నుంచి ఒక్క ఆచార్యుడు ఆ ఊరి రచ్చబండ దగ్గర కూర్చుని నివేదికలో ఏముందో, ఏం లేదో చెబితే సభ తీరే వేరుగా ఉంటుంది.

ఆచార్యుల ఇబ్బంది మాకు తెలియంది కాదు. ప్రమోషన్‌కు ప్రధానంగా లెక్కకొచ్చేది జర్నల్లో అచ్చయిన వ్యాసమే. పత్రికలో రాసిన తెలుగు వ్యాసానికి అంత విలువ లేదు. ప్రభుత్వ విధానంలో లోపం ఎత్తిచూపితే ఏ నోటీసు వస్తుందోనన్న టెన్షన్ ఒకటి. ఈ భయం పోగొట్టాల్సింది వైస్ ఛాన్సలర్లూ, వాళ్లను నియమించే ప్రభుత్వమూ. ఉద్యోగంలో లేనివాళ్లకైనా ఆ భయం ఉండనక్కర్లేదు. కేంద్రంలో కార్యదర్శిగా పనిచేసి విశాఖలో స్థిరపడిన ఈఏఎస్ శర్మ ఏళ్ల తరబడి ప్రభుత్వాలకు రాస్తున్న లేఖలు అందుకు నిదర్శనం. ఆయన వాదనలన్నిటితో అందరూ ఏకీభవించకపోవచ్చు. చట్టం ఏం చెబుతోందో, లెక్క ఎక్కడ తప్పిందో చూపించి అడగడం ఎలాగో మాత్రం వాటిని చదివి నేర్చుకోవచ్చు.

మరో మాట కూడా నిక్కచ్చిగా చెప్పాలి. కంపెనీలకు, ప్రభుత్వ శాఖలకు నివేదికలు రాసిచ్చి ఫీజు తీసుకునే నిపుణులున్నారు. అది తప్పు కాదు. కానీ అదే విషయంపై జనం ముందు మాట్లాడేటప్పుడు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇప్పుడు డేటా సెంటర్ విషయానికొద్దాం. గూగుల్ విశాఖలో డేటా సెంటర్ మీద అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరు 14న ప్రకటించింది. పెట్టుబడి రావాలి, మేము కోరుకుంటున్నదీ అదే. అయితే ఒకరు ఉద్యోగాల వరద అంటారు, ఇంకొకరు ఊరు ఎండిపోతుందంటారు. ఇద్దరి దగ్గరా లెక్క కనిపించదు. అక్కడ వేడెక్కే సర్వర్లను, అంటే కంప్యూటర్లను, నీటిని ఆవిరి చేసి చల్లబరిస్తే నీటి ఖర్చు ఎక్కువ, కరెంటు తక్కువ. గాలితో చల్లబరిస్తే అటుదిటవుతుంది. ఏ పద్ధతి వాడతారన్న దాన్ని బట్టే ఏలేరు కాలువ మీద, రైవాడ, తాటిపూడి, మేహాద్రిగెడ్డ జలాశయాల మీద ఎంత భారం పడుతుందో తేలుతుంది. వేసవిలో రోజు విడిచి రోజు నీళ్లొచ్చే కాలనీలకు ఇది ప్రాణసమానమైన ప్రశ్న. సివిల్ ఇంజినీర్లు నీటి లెక్క తీయాలి. ఆర్థికవేత్తలు రాయితీల బరువెంతో, నిర్మాణం ముగిశాక మిగిలే ఉద్యోగాలెన్నో చెప్పాలి. ఒప్పందాల్లో జనం హక్కులకు రక్షణ ఎక్కడుందో న్యాయ నిపుణులు చూపించాలి. వాళ్లలో వాళ్లకు అభిప్రాయ భేదాలుంటే మరీ మంచిది, రెండు వాదాలూ వింటాం.

ఇందుకు ప్రభుత్వం చేయాల్సింది ఒకటుంది. ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్‌లోనే ఉంది. ఎవరో దరఖాస్తు పెట్టేదాకా ఆగనక్కర్లేదు. డేటా సెంటర్‌కు ఏ జలాశయం నుంచి ఎంత నీరు, ఏ ధరకు, ఎన్నేళ్లకు ఇస్తున్నారో నగరపాలక సంస్థ జీవీఎంసీ, జలవనరుల శాఖ కలిసి తెలుగులో ఒకే చోట పెట్టాలి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఆ పత్రాల మీద బహిరంగ చర్చ పెట్టే బాధ్యత ఆంధ్ర విశ్వవిద్యాలయం తీసుకోవాలి. అక్కడ మాట్లాడే ప్రతి పరిశోధకుడి వాదననూ, దానికి వచ్చే జవాబునూ పూర్తి పాఠంతో అచ్చువేయడానికి ఈ పత్రికలో చోటుంటుంది.