ఫైర్ ట్రైనింగ్‌లో కోడిగుడ్లు పగలగొట్టరు

ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. ఈసారి మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో. పోయిన వారం బంధువుల గ్రూపులో మా పెద్దమ్మ పెట్టింది, అంతకుముందు అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో సార్ పెట్టారు. "ఒక రిటైర్డ్ ఫైర్ ఆఫీసర్ చెప్పిన ప్రాణ రహస్యాలు, డాక్టర్లు మీకు చెప్పరు" అని మొదలవుతుంది. చివర్లో దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా.

చూడనివాళ్ళ కోసం అందులో ఏముందో చెప్తా. ఫైరింజను అంతా కాలిపోయాకే వస్తుంది, నీళ్ళు కూడా ఉండవు, వచ్చినవాళ్ళు దూరంగా నిలబడి చూస్తారు, కాబట్టి పిలిచి లాభం లేదట. కాలిన చోట కోడిగుడ్డు తెల్లసొన రాయాలట, లేకపోతే టూత్‌పేస్ట్, ఫైర్‌మ్యాన్ ట్రైనింగ్‌లో నేర్పేది ఇదేనట. గ్యాస్ లీకైతే వెంటనే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలి. సిలిండర్ మీద అక్షరం చూసి ఎక్స్‌పైరీ కనుక్కోవాలి, తేదీ దాటితే అది బాంబే. ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండాలి. 108 వాళ్ళు ఉత్త డ్రైవర్లు, వాళ్ళ కోసం ఆగకూడదు. రోడ్డు మీద యాక్సిడెంట్ కనిపిస్తే ముట్టుకోకుండా వెళ్ళిపోవాలి, లేకపోతే కేసు మన మెడకి చుట్టుకుంటుంది.

మామూలుగా ఇలాంటివి చూసి వదిలేస్తాను. కానీ నేను పెరిగిందే ఈ పని చేసేవాళ్ళ మధ్య. నాన్న ఫైర్‌మ్యాన్‌గా చేరి లీడింగ్ ఫైర్‌మ్యాన్‌గా రిటైరయ్యాడు, ఆయన బదిలీల వెనకే కావలి, కందుకూరు, ఒంగోలు తిరిగాం. అన్న 108 అంబులెన్సులో ఈఎంటీ, అంటే దారిలో అత్యవసర వైద్యం చేసేవాడు. చిన్నాన్నది జీతం లేని పని, ఫస్ట్ ఎయిడ్ వాలంటీరు, నెల్లూరులో రొట్టెల పండగ వచ్చిందంటే అయ్యేదాకా స్వర్ణాల చెరువు గట్టు మీదే ఉంటాడు. మా ఇంట్లో దీపావళి అంటే నాన్న లేని పండగ. స్టేషన్ వెనక ఆరేసిన తడి హోసు పైపుల కింద దాగుడుమూతలు ఆడుకున్నవాళ్ళం మేము. ఫైర్ ఆఫీసర్ పేరు పెట్టి ఈ చెత్త పంపితే ఒళ్ళు మండదా మరి.

చిన్నవి ముందు తేల్చేస్తా.

దగ్గు. గుండె ఆగిపోయినవాడు ఎలాగూ దగ్గలేడు, స్పృహలో ఉండి నొప్పి పడుతున్నవాడికి దగ్గితే ఒరిగేదేమీ లేదు. తలుపు గడియ తీసి పెట్టి, 108కి చేసి, కదలకుండా కూర్చోవాలి. అయిపోయింది.

సిలిండర్ అక్షరం సంగతి సగం నిజం. ఎ అంటే మార్చి దాకా, బి జూన్ దాకా, సి సెప్టెంబరు దాకా, డి డిసెంబరు దాకా, పక్కన ఉన్న అంకె సంవత్సరం. కానీ అది సిలిండర్‌ని మళ్ళీ టెస్టుకి పంపాల్సిన గడువు. పాల ప్యాకెట్ మీద తేదీ లాంటిది కాదు, ఆ రాత్రికి విరిగిపోదు. గడువు దాటింది తెచ్చిస్తే వెనక్కి పంపండి, అది మీ హక్కు. అయితే ఆ అక్షరాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చదివే పెద్దమనుషులే స్టవ్ దాకా వెళ్ళే ట్యూబు వైపు కన్నెత్తి చూడరు. అది అయిదేళ్ళకోసారి మార్చాలి. చాలా ఇళ్ళలో పెళ్ళినాటిది ఇప్పటికీ ఉంటుంది.

గ్యాస్ లీకైతే ఫ్యాన్ వేయమన్న మహానుభావుడెవరో గానీ ఆయనకో దండం. వంటగ్యాస్ గాలి కంటే బరువు, నేల మీదకి దిగి మూలల్లో, గట్టు కింద పరుచుకుంటుంది. స్విచ్ వేసినప్పుడు లోపల చిన్న రవ్వ పుడుతుంది, అంతే, ఇంకేం అక్కర్లేదు. తీసినా అదే రవ్వ, కాబట్టి వెలుగుతున్న లైటు ఆర్పడానికి కూడా చెయ్యి పోకూడదు. రెగ్యులేటర్ ఆపేసి, ఊడదీసి, సిలిండర్‌కి దారంతో వేలాడే ప్లాస్టిక్ మూత ఉంటుందే, దాన్ని మూతికి నొక్కి, తలుపులూ కిటికీలూ తీసి, ఇంట్లోవాళ్ళని తీసుకుని బయటికి రావాలి. ఫోన్ అప్పుడు, 1906కి. ఆ మూతని సిలిండర్ వచ్చిన రోజే తెంచి పిల్లలకి ఆడుకోవడానికి ఇచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. నాన్న తన సర్వీసులో కాలిన మనుషుల నోటి నుంచి విన్నది మళ్ళీ మళ్ళీ ఒకే మాట. "ఏదో వాసనొస్తుందని లైటేసి చూశా సార్."

ఇక కోడిగుడ్డు.

నాన్నకి ఫోన్ చేసి అడిగా, ట్రైనింగ్‌లో మీకు కాలిన చోట గుడ్డు సొన రాయమని నేర్పారా అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మెస్సులో ఉడకబెట్టినవి పెట్టేవాళ్ళు, అదీ ఆదివారమే" అన్నాడు.

చర్మం ఉన్నదే బయటి క్రిములు లోపలికి పోకుండా. అది కాలిపోయాక పచ్చి గుడ్డు తెచ్చి పులిమితే, గుడ్డులో ఉండే సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియాకి మనమే దారి చూపించినట్టు. టూత్‌పేస్ట్ రాస్తే చల్లగా ఉంటుంది కదా అంటారు. అది పుదీనా చలవ, నాలుక మీద ఎలా అనిపిస్తుందో పుండు మీద అలాగే అనిపిస్తుంది, లోపలి వేడి ఎక్కడిది అక్కడే ఉంటుంది. పైగా ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. వెన్న, నెయ్యి, పసుపు, ఇంకు, కాఫీ పొడి, అన్నీ ఇదే బాపతు. గ్రూపులో ఒకడైతే "లవంగం పేస్టు పర్లేదా" అని అడిగాడు. నాయనా, పళ్ళు తోముకో.

అన్న చెప్పిన ఒక సంగతి రాస్తా, ఇది చదివాక కూడా ఫార్వర్డ్ చేసేవాళ్ళు చేసుకోండి. సింగరాయకొండ వైపు ఒక పల్లె, పెళ్ళి వంటల దగ్గర ఆడుకుంటున్న చిన్న పిల్ల చేతి మీద సాంబారు ఒలికింది. బండి వెళ్ళేసరికి మోచేతి నుంచి వేళ్ళ దాకా టూత్‌పేస్ట్, ఎండిపోయి, పగుళ్ళిచ్చి ఉంది. దాని మీద ఎవరో పెద్దావిడ పసుపు చల్లింది. చేతికి ఉన్న రెండు సన్నటి గాజులు అలాగే ఉన్నాయి, చెయ్యి వాచి అవి లోపలికి కోసుకుపోతున్నాయి. కింద చర్మం ఎర్రగా ఉందా, తెల్లబడిందా, బొబ్బలున్నాయా, ఎంత లోతు కాలిందో చూద్దామంటే ఏమీ కనపడట్లేదు. అదంతా ఆస్పత్రిలో కడిగారు. కడుగుతుంటే పేస్టుతో పాటు పైచర్మం కూడా లేచొచ్చింది. తల్లి చేతిలో ఆ ట్యూబు అట్లాగే ఉంది, మూత కూడా పెట్టలేదు, "చల్లగా ఉంటుందని రాశాను సార్" అనే మాటే అంటోంది. వంట చేసిన చోట, ఆ పిల్ల కాలిన చోటికి పక్కనే, డ్రమ్ము నిండా నీళ్ళున్నాయి.

నీళ్ళు. కుళాయి నీళ్ళు, చెంబుతో పోసే నీళ్ళు, 20 నిమిషాలు ఆగకుండా. ఐస్ వద్దు, అది ఇంకా పాడు చేస్తుంది. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయాలి. ఒంటికి అతుక్కున్న బట్టని పీకకూడదు, బొబ్బని చిదపకూడదు. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇంతే. ఇది మరీ మామూలుగా ఉంటుంది కాబట్టి ఎవరూ ఫార్వర్డ్ చేయరు. ఇందులో రహస్యం లేదు, డాక్టర్లు దాచిందీ లేదు, గుడ్డు అసలే లేదు.

ఇప్పుడు ఫైరింజను. నేను ఎగిరి పడతానని అనుకుంటున్నారేమో. లేదు, అంతా కాలాక వస్తుందన్న మాట చాలాసార్లు నిజం. కొండపి, టంగుటూరు, కందుకూరు వైపు పొగాకు ఎండబెట్టే బ్యారన్ అంటుకుంటే నాన్నవాళ్ళు వెళ్ళేసరికి గోడలే మిగిలేవి. ఆకు ఎండి కరకరలాడే సమయంలో కర్ర మీద నుంచి ఒక్క ఆకు జారి, కింద కాగిపోయి ఉన్న గొట్టం మీద పడిందంటే, రైతు పరుగెత్తుకొచ్చేలోపే పైకప్పు దాకా మంట. ఒక్కో స్టేషన్ కింద ఎన్నో మండలాలు, బండి పాతిక ముప్పై కిలోమీటర్ల అవతల నుంచి రావాలి, మధ్యలో రైల్వే గేటు, ఊళ్ళోకి వచ్చాక సందు మలుపులో అరుగు అడ్డం. స్టేషన్లు ఇంకా కావాలి, మనుషులు ఇంకా కావాలి. ఈ మాట మెసేజ్‌లో రాసి ఉంటే నేనే అందరికీ పంపేవాణ్ణి.

కానీ ఆలస్యంలో మన వాటా కూడా ఉంది. ముందు బక్కెట్లతో అరగంట పోరాడతారు, తర్వాత సర్పంచ్‌కి చేస్తారు, తర్వాత ఒంగోలులో ఉన్న బావమరిదికి, ఆయన అరిస్తే అప్పుడు 101. ఇప్పుడు మెసేజ్ ఇంకో అడుగు ముందుకేసి అసలు పిలవనే వద్దంటోంది. పిలిచి, బండి వచ్చేలోపు చేయగలిగింది చేసుకోండి, ఎవరు వద్దన్నారు?

నీళ్ళుండవు అన్నదానికి లెక్క చెప్తా. మామూలు బండిలో పట్టేది దాదాపు 4,500 లీటర్లు. రెండు పైపులు తెరిస్తే పది నిమిషాలకి అటూ ఇటుగా అయిపోతాయి. తర్వాత చెరువో, పొలంలో బోరో వెతుక్కోవాలి. మంటల దగ్గర ముందు చేసే పని కరెంటు తీయించడం, కరెంటు తీస్తే బోరు ఆడదు. ఈ చిక్కు మీద నాన్న ఎన్నిసార్లు తల పట్టుకున్నాడో నాకు తెలుసు. నీళ్ళ కోసం బండి వెనక్కి తిప్పితే "పారిపోతున్నార్రోయ్" అని రాళ్ళేశారు ఒక ఊళ్ళో. నాన్న నుదుటి మీద కుట్ల గుర్తు మంటల్లో తగిలింది కాదు.

ఇక దూరంగా నిలబడి చూస్తారన్న మాట. ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక వారోత్సవాలు మొదలయ్యేది ఎందుకో ఆ రాసినవాడికి తెలుసా? 1944లో అదే రోజు బొంబాయి రేవులో మందుగుండు ఉన్న ఓడ అంటుకుంటే దాన్ని ఆర్పడానికి పోయిన ఫైర్‌మెన్ అరవై మందికి పైగా ఆ పేలుడులో పోయారు. అంత వెనక్కి వద్దంటే 2021 నవంబరుకి రండి. సోమశిల నిండి పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర హైవే, రైలు కట్ట కోసుకుపోయిన ఆ వరదలో, మన నెల్లూరు జిల్లాలోనే, జనాన్ని బయటికి తెచ్చే పనిలో ఉన్న రాష్ట్ర విపత్తు సహాయ దళం (ఎస్డీఆర్ఎఫ్) కానిస్టేబుల్ ఒకాయన నీళ్ళలో కొట్టుకుపోయి చనిపోయాడు. ఆ దూరంగా నిలబడ్డవాళ్ళని గ్రూపులో కూర్చుని ఎంత దగ్గరగా చూశారో మరి.

108 వాళ్ళు ఉత్త డ్రైవర్లట. బండిలో డ్రైవర్ ఒకరు, ఆయన్ని పైలట్ అంటారు, వెనక కూర్చునేది ఈఎంటీ. ఆక్సిజన్ పెట్టేది, రక్తం ఆపేది, దారిలో కాన్పు అయితే బిడ్డని చేతుల్లోకి తీసుకునేది ఆ ఈఎంటీనే. 2005 ఆగస్టు 15న ఇది మొదలైంది. అప్పటి నుంచి మీ ఇంటి చుట్టుపక్కల ఎవరూ ఆ బండి ఎక్కలేదా? ఆస్పత్రి దగ్గర్లోనే ఉండి, బండి చాలా దూరంలో ఉందని తేలితే కారులో వెళ్ళిపొమ్మని మా అన్నే చెప్తాడు, దాచేదేం లేదు. కానీ ఆ సంగతి ఫోన్ చేసి అడిగితేనే కదా తెలిసేది. ఎత్తు నుంచి పడి మెడ విరిగినవాణ్ణి ఆటోలో మడిచి కూర్చోబెట్టి గుంటల రోడ్డు మీద తెస్తే, నడవాల్సినవాడు జన్మకి లేవడు. ఇంకోటి, సైరన్ వినపడ్డా దారి ఇవ్వకుండా బండి ముందు నడిపితే జరిమానా 10,000 రూపాయలు. అంబులెన్సుకైనా ఫైరింజనుకైనా. ఆలస్యం గురించి మెసేజ్‌లు పెట్టేవాళ్ళలో ఎంతమంది దారి ఇస్తారో నాకు అనుమానమే.

చివరిది, యాక్సిడెంట్ చూస్తే ముట్టుకోవద్దన్నది. తడ నుంచి ఒంగోలు దాటేదాకా మన పక్కనే హైవే పెట్టుకుని ఈ మాట పంచుకోవడానికి సిగ్గుండాలి. ఈ భయం ఒకప్పుడు ఉత్తి భయం కాదు, మా చిన్నాన్ననే ఒక స్టేషన్‌లో పొద్దుపోయేదాకా కూర్చోబెట్టారు, అది చాలా ఏళ్ళ కిందటి మాట. ముందు వైద్యం, తర్వాతే పోలీసు లాంఛనాలు అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2016లో, సాయం చేసినవాళ్ళని వేధించకూడదన్న మార్గదర్శకాలకి అదే కోర్టు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే 134ఎ సెక్షన్ చేర్చారు. మీరు తీసుకెళ్ళిన మనిషి దురదృష్టవశాత్తూ దారిలో పోయినా, మంచి మనసుతో సాయం చేసినందుకు మీ మీద కేసు ఉండదు. పేరు, నంబరు చెప్పడం మీ ఇష్టం, సాక్షిగా ఉండడం మీ ఇష్టం. పైగా ఘోరమైన ప్రమాదంలో మొదటి గంటలోపు ఆస్పత్రికి చేర్చి ప్రాణం నిలబెడితే కేంద్రం ఇప్పుడు రాహ్‌వీర్ పేరుతో 25,000 రూపాయలు ఇస్తోంది. జైల్లో పెడతారని మీరు పంచుతున్న పనికి సర్కారు డబ్బులిస్తోందన్నమాట. మనిషిని దించాక ఆస్పత్రి కౌంటర్లో ఎవరైనా మిమ్మల్ని ఆపి డిపాజిట్ కట్టమంటే కట్టొద్దు, 134ఎ అని చెప్పి బయటికి నడవండి.